ఓ బోల్టు తారీఖ్

మా ఉర్దూ మీడియం బడిలో చరిత్ర క్లాసుని 'తారీఖ్' అనేవాళ్లు. తెలుగులో తారీఖు అంటే తేదీ. డిగ్రీలో తెలుగు సాహిత్యం తీసుకున్నాక ఈ రెండు మాటల మధ్య నేను చాలా రోజులు ఇరుక్కుపోయాను. ఒకసారి పరీక్షలో 'ఆంధ్రుల తారీఖు' అని రాస్తే మా లెక్చరర్ దాన్ని చుట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఇవాళ రాస్తున్నది రెండు అర్థాల్లోనూ తారీఖే. ఒక తేదీ ఉంది: 2009 నవంబరులో ఒక జుమేరాత్. దాని వెనక అరవై డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. మధ్యలో చిటికెన వేలికన్నా సన్నటి బోల్టు ఒకటి ఉంది. దాన్ని విరగ్గొట్టింది నేనే.

మా కడప వైపు కువైట్ వెళ్లిన మనిషి లేని ఖాందాన్‌ని వెతికి పట్టుకోవాలి. నేనూ వెళ్లాను. విలేకరిగా ఊళ్లో నాకు వచ్చే డబ్బు టీ ఖర్చుకి సరిపోయేది కాదు. అమ్మీ తన తమ్ముడికి ఫోన్ చేసి, 'వీణ్ణి నీ దగ్గర పెట్టుకో భయ్యా' అంది. మామూ అప్పటికి పదిహేనేళ్లుగా షువైఖ్‌లో మెకానిక్. కువైట్ వెళ్లొచ్చిన వాళ్లకి షువైఖ్ గురించి చెప్పక్కర్లేదు. గల్లీ గల్లీకీ గ్యారేజీలే. బంగాలీ, మలయాళీ, మిస్రీ, పఠాన్, మన రాయచోటి వాళ్లు, అందరూ ఒకే నల్లటి ఆయిల్లో చేతులు పెట్టి బతికేవాళ్లు. మామూ చదివింది అయిదో జమాత్ వరకే. ఉర్దూ చదువుతారు, అరబీ మాట్లాడతారు, ఇంజన్ మాట వింటారు. ఇంగ్లీషు మాత్రం రాదు. నన్ను అందరికీ 'మేరా భాంజా, డిగ్రీ కర్కే ఆయా' అని చూపించేవారు. నా డిగ్రీ తెలుగులో అని వాళ్లెవరికీ చెప్పలేదు.

ఆ రోజు వచ్చిన బండి 2000 మోడల్ షెవర్లే సిల్వరాడో. కువైటీలు పికప్‌ని 'వానెత్' అంటారు. అమెరికన్ వానెత్ అంటే వాళ్లకి జాన్. తొమ్మిదేళ్ల బండి, 5.3 లీటర్ల వీ-8 ఇంజన్, డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజన్ దీపం. మెషీన్ పెట్టి చూస్తే నాక్ సెన్సర్ కోడ్. ఈ ఇంజన్లలో రెండు నాక్ సెన్సర్లూ ఇంటేక్ మానిఫోల్డు కింద, రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలో ఉంటాయి. పైనుంచి నీళ్లు చేరితే వెనక సెన్సర్ తుప్పు పడుతుంది. కువైట్లో వానలు తక్కువే, కానీ ఇంజన్ని ప్రెషర్ పైపుతో కడిగించే షౌఖ్ ఉంది. ఫలితం ఒకటే.

మామూ మానిఫోల్డు లేపారు, సెన్సర్లు మార్చారు, మానిఫోల్డు మళ్లీ కూర్చోబెట్టి పది బోల్టులూ చిన్న రాచెట్‌తో మొదటి రౌండు తిప్పారు. జుహర్ వేళ అయింది. 'బాకీ కితాబ్ దేఖ్‌కే కరేంగే, జర రుక్' అని మసీదుకి వెళ్లారు. నేను రుకలేదు. కితాబ్ చదవడమే కదా నా పని! పేజీ తీశాను. రెండో రౌండు, 89. పెద్ద టార్క్ పానా తీశాను. దాని మీద అంకెలు పౌండ్-అడుగుల్లో ఉన్నాయి. 89 దగ్గర పెట్టాను. 'టక్' అని చప్పుడు వస్తే ఆపాలని తెలుసు. చప్పుడు వచ్చింది గానీ అది పానాది కాదు. బోల్టు తల నా సాకెట్లో ఉంది. మిగతాది అల్యూమినియం హెడ్‌లో ఉంది.

కితాబ్‌లో 89 పక్కన ఉన్నది పౌండ్-అంగుళం. అడుగుకి పన్నెండు అంగుళాలు. 89 పౌండ్-అంగుళాలంటే ఏడున్నర పౌండ్-అడుగులకి కాస్త తక్కువ, మీటర్ల హిసాబులో 10 న్యూటన్ మీటర్లు. నేను పెట్టింది దానికి పన్నెండు రెట్లు. ఆరు మిల్లీమీటర్ల బోల్టు ఎక్కడ తట్టుకుంటుంది?

ఆ రాత్రి సంగతి తర్వాత చెబుతాను. ముందు ఇది చెప్పాలి: ఒక సరుకుల బండిలో చెవిలాంటి సెన్సర్, దాన్ని ఇంత నజాకత్‌గా బిగించాలనే కాయదా ఎలా వచ్చాయి? కువైట్ నుంచి తిరిగొచ్చి మళ్లీ పత్రికలో చేరాక ఈ సవాల్ నన్ను వదల్లేదు. ఇంగ్లీషు నేర్చుకున్నదే సగం దీని కోసం.

కథ లాస్ ఏంజెలెస్‌లో మొదలవుతుంది. 1943 వేసవిలో ఒకరోజు ఆ ఊరి మీద పొగలాంటిది దిగింది. కళ్లు మండాయి, గొంతులు పట్టేశాయి. జంగ్ రోజులు కాబట్టి జపాన్ వాళ్లు విషవాయువు వదిలారనుకున్నవాళ్లూ ఉన్నారు. తర్వాత శక్ ఒక రబ్బరు రసాయనాల ఫ్యాక్టరీ మీదికి పోయింది. దాన్ని కొన్నాళ్లు ఆపారు, పొగ మాత్రం ఆగలేదు. పెరట్లో చెత్త కాల్చే పొయ్యిల్ని తిట్టారు. చివరికి 1957లో వాటినీ నిషేధించారు. అసలు ముజ్రిమ్ మాత్రం రోజూ వాళ్లని ఆఫీసుకి తీసుకెళ్లి తీసుకొస్తూనే ఉంది.

ఆ సంగతి కనిపెట్టినాయన ఏరీ హాగెన్-స్మిట్. హాలెండ్‌లో పుట్టి, కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో పనిచేసిన జీవరసాయన శాస్త్రజ్ఞుడు. అప్పటిదాకా ఆయన చేస్తున్న పని అనాసపండు ఖుష్బూ దేనివల్ల వస్తుందో తేల్చడం. వాసన పట్టే అదే సామానుతో ఊరి గాలిని పట్టి చూశాడు. బండ్ల నుంచీ, చమురు శుద్ధి కర్మాగారాల నుంచీ వచ్చే కాలని పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్ తయారుచేస్తున్నాయని 1950ల మొదట్లో చూపించాడు. చమురు పరిశ్రమ డబ్బుతో పనిచేసే శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. ఆయనకి జిద్ పుట్టింది. అనాసపండు పక్కన పెట్టేశాడు. 1968లో కాలిఫోర్నియా గాలి వనరుల బోర్డు పని మొదలుపెట్టినప్పుడు దాని మొదటి చైర్మన్ ఆయనే.

అక్కణ్ణుంచి ఇంజన్ మీద ఒక్కొక్క గొట్టమూ ఎక్కడం మొదలైంది. 1961 మోడళ్ల నుంచి కాలిఫోర్నియా కార్లలో క్రాంక్‌కేస్ పొగని బయటికి వదలకుండా మళ్లీ ఇంజన్లోకే పంపే వాల్వు పెట్టారు. 1970 మోడల్‌కి పెట్రోలు ట్యాంకు ఆవిరిని బొగ్గు డబ్బాలో పట్టే ఏర్పాటు వచ్చింది. 1970 చివర్లో అమెరికా దేశమంతటికీ స్వచ్ఛమైన గాలి చట్టం చేశారు. బండ్ల పొగలో 90 శాతం తగ్గించమంది ఆ చట్టం. 1973 నాటికి ఈజీఆర్ వాల్వు మామూలైపోయింది. కాలిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ సిలిండర్లోకి పంపితే మంట వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి. పాత పికప్ బానెట్ ఎత్తితే కింద నేల కనబడేదని ముసలి మెకానిక్కులు చెబుతారు. ఇప్పుడు ప్రతి వాల్వుకీ ఒక గొట్టం, ప్రతి గొట్టానికీ ఒక గ్యాస్కెట్, ప్రతి గ్యాస్కెట్‌కీ రెండు బోల్టులు. ఎర్రగా కాలే ఇనుము పక్కన పదేళ్లు, పదిహేనేళ్లు ఉండాల్సిన బోల్టులు.

ఇక్కడే పికప్ కథ వేరే దారి పట్టింది. నాకు ఈ మొత్తం తారీఖ్‌లో బాగా నచ్చిన పేజీ ఇదే. 1975 మోడల్ కార్లకి కెటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. దానికి సీసం లేని పెట్రోలు కావాలి, ఎందుకంటే సీసం దాని లోపలి పూతని చంపేస్తుంది. అయితే ఆ నియమాలు అప్పట్లో 6,000 పౌండ్ల లోపు బండ్లకే. బండి బరువు, సరుకు కలిపి ఆ గీత దాటితే చాలు, అది 'భారీ బండి' అయిపోతుంది, కన్వర్టర్ అక్కర్లేదు. ఫోర్డ్ కంపెనీ ఎఫ్-100 మీద ఇంకొంచెం బరువు మోసే బండి చేసి, 6,000 దాటించి, ఎఫ్-150 అని పేరు పెట్టింది. అమెరికాలో దశాబ్దాలుగా అందరికన్నా ఎక్కువ అమ్ముడుపోయే పికప్ పుట్టింది అలాగ! షెవర్లే కూడా 'బిగ్ 10' అని అదే చాలాకీ చేసింది. ప్రభుత్వం 1979 మోడళ్లకి ఆ గీతని 8,500 పౌండ్లకి జరిపింది. చాలాకీ ఖతం, పేరు మాత్రం మిగిలింది. మన దగ్గర ఆర్టీవో ఆఫీసు ముందు తిరిగే బ్రోకర్లకి ఈ కథ చెబితే ఫిదా అయిపోతారు.

మళ్లీ సీసం దగ్గరికి వస్తాను. పెట్రోల్లో సీసం ఎందుకు కలిపేవాళ్లు? ఇంజన్ 'నాక్' కొట్టకుండా. మంట వేళకి ముందే, ఇష్టం వచ్చినచోట అంటుకుంటే లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు వస్తుంది, పిస్టన్లు పాడవుతాయి. 1921లో జనరల్ మోటర్స్‌లో థామస్ మిడ్‌గ్లీ సీసపు మందు కలిపితే ఆ చప్పుడు పోతుందని కనిపెట్టాడు. యాభై ఏళ్ల పాటు ప్రపంచమంతా ఆ సీసం పీల్చింది. కన్వర్టర్ కోసం సీసం తీసేయగానే నాక్ తిరిగొచ్చింది. అప్పుడు ఇంజన్‌కి చెవి పెట్టారు. 1978లో బ్యూక్ టర్బో ఇంజన్లలో కనిపించిన నాక్ సెన్సర్ అదే. లోపల ఒక స్ఫటికం. ఇంజన్ అదిరినప్పుడల్లా అది చిన్న కరెంటు పుట్టిస్తుంది. నాక్ అదురు వినబడగానే కంప్యూటర్ స్పార్క్‌ని కొంచెం వెనక్కి జరుపుతుంది.

దీనికి అన్న ఆక్సిజన్ సెన్సర్. జర్మనీ బాష్ కంపెనీ చేసింది, 1976లో వోల్వో 240 కార్లలో కాలిఫోర్నియాకి వచ్చింది. జిర్కోనియా అనే పింగాణీ మూడొందల డిగ్రీలు దాటాక ఆక్సిజన్ తేడాని కరెంటుగా చెబుతుంది. ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి ఉంటేనే కన్వర్టర్ మూడు రకాల విషాల్నీ కలిపి చంపగలదు. ఆ తవాజున్ తప్పిందా లేదా అని సెకనుకి సెకను గవాహీ ఇచ్చేది ఈ సెన్సరే. 1996 నుంచి అమెరికాలో కార్లకీ చిన్న పికప్పులకీ రెండో తరం ఆన్‌బోర్డ్ డయాగ్నస్టిక్స్ తప్పనిసరి అయ్యాక, కన్వర్టర్ వెనక ఇంకో ఆక్సిజన్ సెన్సర్ వచ్చింది. ముందున్నవాడు ఇంజన్ మీద గవాహీ, వెనకున్నవాడు కన్వర్టర్ మీద గవాహీ.

ఇప్పుడు బోల్టు సంగతి. సైలెన్సర్ మానిఫోల్డు బోల్టు వదులైందనుకోండి. పొగ బయటికి పోవడమే కాదు, పొగ తోపుకీ తోపుకీ మధ్య బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్ ఆ గాలిలోని ఆక్సిజన్ చూసి 'పెట్రోలు చాలడం లేదు' అంటుంది. కంప్యూటర్ నమ్ముతుంది, పెట్రోలు పెంచుతుంది. బండి నల్లగా పొగ, మైలేజీ సగం. సెన్సర్ అబద్ధం చెప్పలేదు, పక్కన బోల్టు చెప్పించింది. నాక్ సెన్సర్‌ది ఇంకో మిజాజ్. అది ఇంజన్‌కి ఎంత గట్టిగా అంటుకుని ఉందో దాన్ని బట్టే వింటుంది. వదులుగా ఉంటే సరిగా వినదు. మరీ బిగిస్తే లోపలి స్ఫటికం మీద ఒత్తిడి పడి వినికిడే మారుతుంది. అందుకే మా వానెత్ కితాబ్‌లో దానికి 15 పౌండ్-అడుగులు, అంటే 20 న్యూటన్ మీటర్లు అని కచ్చితంగా రాశారు. ఆక్సిజన్ సెన్సర్‌కి 30 పౌండ్-అడుగుల చుట్టూ. చివరికి పెట్రోలు ట్యాంకు మూత కూడా ఈ కాయదా కిందికే వస్తుంది. టిక్ టిక్ అనేదాకా తిప్పకపోతే ఆవిరి లీకు అని దీపం వెలుగుతుంది. ఆ దీపం చూసి భయపడి వచ్చిన గిరాకీల దగ్గర మూత తిప్పి పైసలు పుచ్చుకున్నవాళ్లు షువైఖ్‌లో లేరని చెప్పను.

బిగింపుని కొలిచే పానా ఇంజన్ల కోసం పుట్టలేదు. న్యూయార్క్ నీటి శాఖలో పనిచేసిన కాన్‌రాడ్ బార్ 1918లో దాన్ని చేశాడంటారు. నీటి గొట్టాల ఫ్లాంజ్ బోల్టులు పనివాళ్లు మరీ బిగించి విరగ్గొడుతుంటే చూడలేక. అంటే నాలాంటి వాళ్ల కోసమే. కార్ల ఫ్యాక్టరీల్లోకి అది 1930ల్లో వచ్చింది.

అయితే ఆ పానా చెప్పేది పూర్తి నిజం కాదని ఇంజనీర్లకి తెలుసు. మనం పెట్టే బలంలో దాదాపు సగం బోల్టు తల కింద రాపిడికి పోతుంది. ఇంకో నలభై శాతం మరల్లో రాపిడికి. రెండు వస్తువుల్ని నిజంగా పట్టి ఉంచడానికి మిగిలేది పదో వంతు. ఇప్పుడు మరలకి ఆయిల్ రాస్తే రాపిడి తగ్గుతుంది, అదే అంకెకి బోల్టు ఎంతో ఎక్కువ సాగుతుంది. తుప్పు ఉంటే దీనికి ఉల్టా: పానా టక్ అంటుంది, బోల్టు మాత్రం ఇంకా వదులే. కితాబ్‌లోని అంకె శుభ్రమైన మరలకి, కితాబ్ చెప్పిన పూతకి మాత్రమే. పాత బండిలో ఈ షర్తు ఎక్కడ నిలుస్తుంది? అక్కడే ఉస్తాద్ చేయి కావాలి.

మామూ చేసేది నాకు కళ్లకి కట్టినట్టుంది. సైలెన్సర్ బోల్టులకి ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి పెట్టేవారు. విప్పేటప్పుడు ముందు ఇంత బిగించి, తర్వాత వదిలేవారు. తుప్పు పట్టు అక్కడ విడిపోతుంది. ఆక్సిజన్ సెన్సర్‌ని ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు, వైరు దాటే కోత ఉన్న సాకెట్‌తో విప్పేవారు. మరల్ని ఇత్తడి బ్రష్‌తో శుభ్రం చేసి, కొత్త సెన్సర్‌ని మొదటి నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పేవారు. 'ఉంగ్లీ సే నహీ గయా తో పానే సే బీ నహీ జాతా' అనేవారు. కొత్త సెన్సర్ మరలకి ఫ్యాక్టరీలోనే పేస్టు రాసి వస్తుంది, దాని మీద ఇంకొంచెం రాయబోతే చెయ్యి మీద కొట్టేవారు. ఆ పేస్టు మూతికి అంటితే సెన్సర్ గుడ్డిదవుతుంది. గ్యాస్కెట్‌కి ఏ సిలికాన్ పడితే అది పూయనిచ్చేవారు కాదు. దాని ఆవిరి కూడా సెన్సర్‌కి జహర్. గాలి గన్‌తో బిగించేవాళ్లని చూస్తే ఆయనకి ఒళ్లు మండేది. ఇవన్నీ ఏ కితాబ్‌లోంచీ రాలేదు. కితాబ్ లేకుండా రావనీ నేననను, ఎందుకంటే నాక్ సెన్సర్ దగ్గర మామూ తన అందాజాని పక్కన పెట్టి అంకె అడిగేవారు. 'యే హాత్ కీ చీజ్ నహీ బేటా, పఢ్ కే బోల్.'

అలాంటి మనిషికి నేను తప్పు చదివి పెట్టాను.

నమాజ్ నుంచి వచ్చి చూశారు. నేను కితాబ్ చూపించాను, 89 మీద వేలు పెట్టి. ఆయన అంకె పక్కన అక్షరాలు చూశారు. ఇంగ్లీషు రాదు గానీ ఆ రెండు అక్షరాల రూపం తెలుసు. 'యే ఛోటావాలా హై' అన్నారు అంతే. ఇశా దాటేదాకా ఆ బోల్టు తీశారు. మధ్యలో చుక్క కొట్టి, ఎడమవైపు తిరిగే సన్నటి డ్రిల్లుతో, మిల్లీమీటరు మిల్లీమీటరుగా. అల్యూమినియం మరకి గీటు పడితే హెడ్ మొత్తం దింపాలి. నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను. రాత్రి తొమ్మిదిన్నరకి ముక్క తిరిగి బయటికొచ్చింది. మామూ దాన్ని నా అరచేతిలో పెట్టి వెళ్లి చేతులు కడుక్కున్నారు.

బండి శుక్రవారం ఎడారికి పోవాల్సింది, పోలేదు. గిరాకీ గొడవ చేశాడు. గ్యారేజీ యజమాని మాఫ్ చేశాడని మామూ నాతో చెప్పారు. ఆ నెల ఆయన జీతంలోంచి నలభై దీనార్లు కోశారని నాకు నాలుగేళ్ల తర్వాత మా ఊళ్లో ఓ నికాహ్ దగ్గర, షువైఖ్‌లో మాతో పనిచేసిన రాయచోటి మనిషి చెప్పాడు. ఆ నెల అమ్మీకి మామూ పంపిన డబ్బు తగ్గలేదు. ఎక్కణ్ణుంచి సర్దారో అడిగాను. 'భూల్ గయా' అన్నారు.

మన దేశానికి ఈ తారీఖ్ ఆలస్యంగా, అంచెలంచెలుగా వచ్చింది. 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి కన్వర్టర్, 2000లో దేశమంతా సీసం లేని పెట్రోలు, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6. కూరగాయలు మోసే డీజిల్ పికప్పులకి కూడా ఇప్పుడు ఒంటి నిండా సెన్సర్లు. నిన్నటిదాకా సుత్తీ పానాతో బతికిన మన మెకానిక్ భాయీలు అమెరికా వాళ్లు యాభై ఏళ్లలో నేర్చుకున్నది అయిదేళ్లలో నేర్చుకోవాల్సి వచ్చింది, అదీ ఇంగ్లీషులో. నాకు తెలిసిన ఉర్దూ మీడియం బడుల్లో 'టార్క్' అనే మాట ఎవరూ చెప్పరు. మా కాలంలోనూ చెప్పలేదు.

మామూ 2016లో తిరిగొచ్చేశారు. ఇప్పుడు బైపాస్ దగ్గర ఒక షెడ్డు, ఇద్దరు షాగిర్దులు. చత్వారం వచ్చింది. వారంలో ఒకటి రెండుసార్లు నా ఫోన్‌కి కితాబ్ పేజీ ఫోటో వస్తుంది, కొన్నిసార్లు నేను ప్రెస్ మీట్లో ఉండగా. వెనకే ఆయన గొంతు: 'జర దేఖ్ కే బోల్ భాంజే, ఫుట్ హై కి ఇంచ్?' నేను బయటికొచ్చి, ఫోటో పెద్దది చేసి, రెండుసార్లు చదివి చెబుతాను. ఈమధ్య వాటిల్లో ఎక్కువగా న్యూటన్ మీటర్లే ఉంటున్నాయి. అయినా అడుగుతారు.